చుక్క నీరు పోనివ్వని బండపరుపు

ఇంటి వెనక నాలుగు మొక్కలు పెట్టుకునే చోటుంటే చాలు, ఈ మధ్య అందరూ అక్కడ బండలు పరిపించి కుర్చీలు వేసుకుంటున్నారు. మంచిదే. సాయంత్రం పూట నన్నూ టీకి పిలుస్తారు. నేను వెళ్ళగానే కూర్చోను. ముందు వంగి, బండల వాటం, అంటే నీరు జారే వాలు, ఎటు ఇచ్చారో చూస్తాను. "ఏం పడిపోయింది తాతగారూ?" అంటూ పిల్లలు వెతకడానికి వస్తారు. ఏమీ పడిపోలేదు. ఒకప్పుడు పడిపోబోయింది. ఆ సంగతి చెప్తాను. మీలో ఎవరైనా రేపో మాపో బండలు పరిపించే ఆలోచనలో ఉంటే చెవిన వేసుకోండి.

రాయచూరు జిల్లాకు నీళ్ళు తెచ్చినవాణ్ణి నేను. ఎడమగట్టు కాలువ కింద మీరివాళ చూసే పచ్చదనమంతా నా చేతి చలవే. సరే, నేనొక్కణ్ణే కాదు. ఇంజనీర్లున్నారు, వేలమంది కూలీలున్నారు. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, అరవైల్లో నేను ఉద్యోగంలో చేరేసరికే పెద్ద కాలువలో నీళ్ళు పారుతున్నాయి. నా పని పిల్లకాలువల మీద. వర్క్ ఇన్‌స్పెక్టర్ అనేవారు. సైకిలు మీద గట్టు వెంట పోతూ, నీరు ఎక్కడ ఊరుతోందో కనిపెట్టి, అక్కడ బంకమన్ను కూరి గట్టిపడేలా దిమ్మిస కొట్టించడం. గోదావరి పక్క నుంచి వచ్చిన నాకు అక్కడి నల్లరేగడి కొత్త, జొన్నరొట్టె కొత్త, ఎండ మరీ కొత్త. ఆ ఎండకి నా సైకిలు టైర్లు కరిగి నేలకి అతుక్కుపోయేవి. కరిగేవి కావు, మెత్తబడేవి. అతుక్కున్నది ఒక్కసారే, అదీ కొత్తగా తారు పోసిన రోడ్డు మీద.

మా శాఖలో నీరు కారడాన్ని మించిన నేరం లేదు. మనిషి ఆలస్యంగా వస్తే క్షమించేవారు, అబద్ధాలాడితే క్షమించేవారు (లేకపోతే నేను రిటైరయ్యేదాకా ఉండేవాణ్ణే కాదు), గట్టు అవతలి వైపు తడి కనిపిస్తే మాత్రం క్షమించేవారు కాదు. ఆ తడి ముదిరితే గండి. గండి పడితే కింది పొలాల రైతులు కర్రలు పట్టుకుని మా క్యాంపుకు వచ్చేవారు. అందుచేత మా అందరికీ ఒకే బుద్ధి ఒంటబట్టిపోయింది: నీటిని ఎటూ పోనివ్వకూడదు. ఇంట్లో బిందె అడుగున తడి కనిపించినా లేచి నిలబడేవాళ్ళం.

మా సెక్షన్లో కాలువ పక్కన ఒక ఇన్‌స్పెక్షన్ బంగళా ఉండేది. ఈఈగారు, అంటే మా పై అధికారి, ఒకసారి అక్కడికి వచ్చి వెనక తోటలో అటూ ఇటూ తిరిగి, "ఇక్కడ బండలు పరిస్తే బయట కూర్చోవచ్చు కదా. కాలువకు నీళ్ళు వదిలే రోజున వస్తాను, టీ ఇక్కడే తాగుదాం" అని జీపెక్కి వెళ్ళిపోయారు. జీపు గేటు దాటేలోగా ఆయన ఆ మాట మర్చిపోయే ఉంటారు. మా సెక్షన్ ఆఫీసరు మర్చిపోలేదు.

సెక్షన్ ఆఫీసరు ధార్వాడ వైపు కుర్రవాడు. చదువు ముగించి నేరుగా మా ఎండలోకి వచ్చి పడ్డాడు. మాతో తెలుగులోనే మాట్లాడాలని పట్టుదల. తెలుగు అయిపోయిన చోట కన్నడం అతికించేవాడు. మా మేస్త్రీ దేవసూగూరు నుంచి వచ్చిన పెద్దాయన. నిజాం కాలం నుంచి రాతిపని చేసినవాడు. రాయిని ఉర్దూలో తిట్టేవాడు, కూలీలను కన్నడంలో పిలిచేవాడు, ఆకలేస్తే తెలుగులోకి వచ్చేవాడు.

కాలువకు నీళ్ళు కట్టేసిన ఎండాకాలం. చేతులకు పని లేదు. ముగ్గురం తోటలో నిలబడ్డాం.

"కింద ఏం వేద్దాం మేస్త్రీ?" అని సెక్షన్ ఆఫీసరు అడిగాడు.

"ఏముంది సాబ్. కాల్వకు ఏమేస్తమో గదే. బంకమన్ను ఏసి దిమ్మిస గొడ్తం, సుట్టూ అంచు గడ్తం, మీద షాబాదు బండలు, సందుల్ల సిమెంటు. సుక్క నీళ్ళు గూడ కిందికి దిగయి."

"పక్కా?"

"పక్కా సాబ్. మీ మనుమండ్లు గూడ గీ బండల మీదనే కూసోని చాయ్ తాగుతరు."

"మదువెనే ఆగిల్ల, మనుమలు ఎక్కడ మేస్త్రీ?" అని ఆ పెళ్ళికాని కుర్రవాడు సిగ్గుపడ్డాడు.

నేను తలూపాను. ఊపి ఊరుకోకుండా, "మా గోదావరి వైపు కూడా ఇంతేనండి, నేను ఇలాంటివి ఎన్నో చేయించాను" అన్నాను. మా వైపు తోటలో బండలు పరవగా నేనెన్నడూ చూడలేదు. అయితే ఆ మాట అడ్డుపడలేదు, తోడ్పడలేదు. ఎలాగూ ముగ్గురి బుర్రలో ఉన్నది అదే.

నల్లరేగడి ఎండకి నోరు తెరుస్తుంది. ఆ పగుళ్ళలోకి మనిషి దిగి తిరిగి రావచ్చు. మనిషి కాదులెండి, చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. మేం ఆ పగుళ్ళు బంకమన్నుతో పూడ్చాం, నేలను తొట్టిలా తవ్వాం, తొట్టికి మళ్ళీ బంకమన్ను మెత్తాం, అంచులు కట్టాం, బండలు పరిచి సందులు మూసేశాం. ఇవాళ ఏ చిన్నపిల్లను అడిగినా మేం కట్టింది ఏమిటో చెప్పేస్తుంది. మాకు తట్టలేదు. జీవితమంతా నీళ్ళు నిలవేసే పని చేసి మెప్పు పొందినవాళ్ళం.

వాటం కూడా ఇచ్చాం, ఇవ్వలేదనకండి. బంగళా పునాది తడవకూడదు గనక వెనక్కి ఇచ్చాం. బంగళా ప్లానులో వెనక వైపు ఖాళీ నేల.

ప్లానులోనే ఖాళీ. నేల మీద అక్కడొక గది ఉంది. మట్టిగోడలు, మట్టి మిద్దె. బంగళా చౌకీదారూ అతని భార్యా చేతులారా కట్టుకున్న గది. వెనకటి ఆఫీసర్లు దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అంటే సర్కారు దృష్టిలో ఆ గది లేదు. లేనిది పడిపోతే మళ్ళీ కట్టుకోవడానికి అనుమతి ఉండదు. బంగళా ఆవరణలో కొత్తగా గుడిసె వేయకూడదని కచ్చితమైన రూలు. గది పోతే చౌకీదారు వరండాలో పడుకుని నౌకరీ చేసుకోవాలి, ఆమె నది ఒడ్డున ఉన్న పుట్టింటికి తిరిగిపోవాలి.

మొదటి వాన వేసవి చివర్లో కురిసింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే బండల మీద మడమ లోతు నీళ్ళు, అద్దంలా. మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు.

"సూడుండ్రి సాబ్! రాత్రంత కొట్టింది. సుక్క దిగలే!"

"బ్యూటిఫుల్!" అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

నేను చప్పట్లు కొట్టాను. నమ్మండి, ముగ్గురం ఆ నీళ్ళ చుట్టూ నిలబడి మురిసిపోయాం. ఆరుబయట కూర్చునే చోట నీళ్ళు నిలబడితే కూర్చునేదెక్కడ అని మాలో ఒక్కడికీ రాలేదు. ఆ నీళ్ళు బకెట్లతో ఎత్తి గులాబీలకు పోయించాం.

రెండో వానకు నీళ్ళు కాస్త తక్కువ నిలిచాయి. మూడో వానకు ఇంకా తక్కువ. ఎండ తాగేస్తోందనుకున్నాం. బండలు అక్కడక్కడా కాలు పెడితే ఊగుతున్నాయి. అవీ సర్దుకుంటాయనుకున్నాం.

ఒకరోజు చౌకీదారు భార్య వచ్చింది. ఆమెదీ దేవసూగూరు వైపే. మేస్త్రీని మామా అని పిలిచేది. మామ అన్న మర్యాద ఆ పిలుపు దగ్గరే ఆగిపోయేది.

"ఓ మామా! జర ఇటు రా. మా గోడకు చెమట వడ్తుంది."

"ఎండాకాలం గదనే కోడలా. నాకు గూడ వడ్తుంది."

"నీకు వడితే తుండుగుడ్డతోని తుడుసుకుంటవు. గోడ ఏంతోని తుడుసుకుంటది? రా అంటుంటె!"

వెళ్ళాం. తోట వైపు గోడ మోకాలి ఎత్తు దాకా నల్లగా తడిసి ఉంది. ఆమె బొటనవేలితో నొక్కితే మట్టి నానిన పిండిలా ఊడి చేతిలోకి వచ్చింది. ఆ ముద్దను మా ముగ్గురికీ వరసగా చూపించింది, పెళ్ళిలో తాళిబొట్టు చూపించినట్టు.

కారుతుంటే పూయడం మా వృత్తి. మధ్యాహ్నానికల్లా మేస్త్రీ గోడ బయటివైపు సిమెంటు పూసేశాడు. ఇక లోపలికి రాదన్నాడు. నేనూ అన్నాను. రెండు వానలు గడిచేసరికి తడి నడుము ఎత్తుకు ఎక్కింది. బయటికి ఆరే దారి మూసేశాం కదా, పాపం, అది మాత్రం ఎక్కడికి పోతుంది?

ఈసారి ఆమె మా క్యాంపు ఆఫీసుకే వచ్చింది.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, మోకాళ్ళకున్న రోగాన్ని నడుముకు దెచ్చిండ్రు మీరు. ఇంకోసారి సిమెంటు వట్టుకొస్తే మీ మూతులకు పూస్త, అందరికి. మా ఆయన నోరు లేనోడు, మీకు వండి వెడ్తడు, సలాం గొడ్తడు. గోడ వడితే మేం యాడికి వోవాలె? జెప్పుండ్రి."

ఆమె వెళ్ళిపోయాక సెక్షన్ ఆఫీసరు లేచి బంగళాకు నడిచాడు. మేం వెనకే వెళ్ళాం. అతను బండపరుపు చివర, ఆమె గోడకు దగ్గరగా కూర్చున్నాడు. కూర్చున్న బండ ఊగింది. కింద నుంచి బుళుక్కుమని చప్పుడైంది. అతను లేచి, మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ బుళుక్కు.

"లేపేద్దాం," అన్నాడు.

"ఏంది సాబ్?"

"అన్ని బండలూ."

మేస్త్రీ ముఖం ఎర్రబడింది. "నేను పరిచిన బండలు నేనే లేపాల్నా? నా ఇజ్జత్ ఏం గావాలె సాబ్?"

"ఆమె గోడ పడితే నీ ఇజ్జత్, నా ఇజ్జత్ ఎల్లిరుత్తె మేస్త్రీ? ఎక్కడ ఉంటుంది?"

నేను కల్పించుకున్నాను. "మరి ఈఈగారు వచ్చే రోజు దగ్గరకొచ్చేసిందండి. ఆయన వచ్చి టీ తాగి వెళ్ళాక లేపుదామండి. ఈలోగా ఎవరూ ఊగే బండల మీద కూర్చోకుండా నేను చూసుకుంటాను."

"ఈఈ సాహెబ్ వెళ్ళాకే రమ్మని వానకు మీరు చెప్తారా?"

వానతో నాకు పరిచయం లేదని ఒప్పుకున్నాను.

మొదటి బండను ఒంటిచేత్తో లేపింది నేనే. గడ్డపారతోననుకోండి. గడ్డపార మేస్త్రీ చేతిలో ఉంది. నేను "ఆ, ఆ, మెల్లిగా" అన్నాను. కింద చూస్తే నీళ్ళు, చల్లగా, నిండుగా. ఓ కప్ప మావైపు చూసింది, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చినవాళ్ళను చూసినట్టు. బండ సందుల సిమెంటు ఎప్పుడో చిట్లిపోయింది. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకి కుంగి, పై బండలను ఊడబోయే పళ్ళలా కదిలించేసింది. ఆ సందుల్లో దిగిన నీరంతా మా బంకమన్ను తొట్టిలో భద్రంగా నిలిచి, వాటం ఉన్న వైపుకు, అంటే ఆమె గోడ కిందికి, ఒక్కటే సన్నని దారి చేసుకుంది.

మేస్త్రీ గడ్డపార కింద పెట్టాడు.

"చెరువు గట్టినం సాబ్," అన్నాడు. "చెరువు గట్టి, దాని మీద మూత వెట్టినం."

సెక్షన్ ఆఫీసరుకు నవ్వు ఆగలేదు. తర్వాత మేస్త్రీకి. తర్వాత నాకు. గుమ్మంలో నిలబడ్డ ఆమె మాత్రం నవ్వలేదు. "నవ్వుడు అయినంక పని మొదలు వెట్టుండ్రి," అంది.

పని సంగతి పిల్లలు వినాల్సింది కొంచెమే. నల్లరేగడి ఉన్న చోట దాని మీద నేరుగా ఏదీ పరవకండి. గట్టి నేల తగిలే దాకా దాన్ని తీసేసి, ఎర్ర మొరం, అదే గ్రావెలు, పలచటి పొరలుగా పోసి, ఒక్కో పొరా దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే బండలు. బండల సందులు ఇసుకతో నింపి వదిలేయండి. పల్లపు అంచున కంకర నింపిన కాలవ, అక్కడి నుంచి నీరు బయటికి పోవడానికి దారి. మేం వాటం పక్కకు తిప్పేశాం. తోట అవతల, కాలువ గట్టుకు మట్టి తవ్వగా మిగిలిన పెద్ద గుంట ఉంది, అటు. కాలువ పనికి తెచ్చిన సిమెంటు తూము ఒకటి పడి ఉంటే, దాన్ని తోట బాట కింద పెట్టి గుంటలోకి మూతి తీశాం.

చెప్పడానికి ఇంతే. మేస్త్రీకి మాత్రం ప్రాణసంకటమైంది. సందు కనిపిస్తే ఆయన చెయ్యి దానంతట అదే తాపీ మీదికి పోయేది. సెక్షన్ ఆఫీసరు తాపీ లాక్కుని తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆమె గోడకు పూసిన సిమెంటు గీకేసి ఎండకు వదిలాం. ఆరాక ఆమే మట్టితో మెత్తుకుంది, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

అంతా అయ్యాక చూద్దామంటే వాన లేదు. బకెట్లతో నీళ్ళు తెచ్చి బండల మీద గుమ్మరించాం. నీళ్ళు సందుల్లో దిగిపోయాయి. పరుగెత్తి వెళ్ళి తూము మూతి చూశాం. పొడి. మళ్ళీ పోశాం. మళ్ళీ పొడి.

"ఏడికి వోయినయ్ నీళ్ళు?" అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. ముగ్గురం ఆ గోడ వైపు చూశాం. ఎన్నో ఏళ్ళుగా నీరు బయటపడుతుందేమోనని భయపడ్డవాళ్ళం; మొదటిసారి నీరు బయటపడదేమోనని భయం పట్టుకుంది.

ఈఈగారు చెప్పిన రోజుకే వచ్చారు. కాలువకు నీళ్ళు వదిలారు, కొబ్బరికాయ కొట్టారు, బంగళాకు వచ్చి తోటలో కుర్చీ వేయించుకున్నారు. కుర్చీ ఊగలేదు. చౌకీదారు టీ తెచ్చాడు. ఆయన రెండో గుక్క తాగేలోగా పడమటి నుంచి గాలి, వెనకే వాన. ఒక్కో చినుకు కొబ్బరికాయంత. సరే, రేగుపండంత. ఈఈగారు కప్పు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. మేం ముగ్గురం రెండో వైపు పరుగెత్తాం.

తూము దగ్గర నిలబడ్డాం. బట్టలన్నీ తడిసి ఒంటికి అంటుకున్నాయి. అటు బండల మీద వాన దబదబా కొడుతోంది. ఇటు తూము మూతి నోరు తెరుచుకుని పొడిగా ఉంది. సెక్షన్ ఆఫీసరు వంగి దానిలోకి చూశాడు. మేస్త్రీ ఏదో దేవుణ్ణి ఉర్దూలో పిలిచాడు. అవతల ఆమె గుమ్మంలో వంగి, ఒక చెయ్యి లోపలి వైపు గోడ అడుగున ఆనించి మావైపు చూస్తోంది.

తూము మూతిలో ముందు ఒక తడి మచ్చ కనిపించింది. ఆ మచ్చ నుంచి దారమంత నీరు, ఎర్రగా, మొరం రంగులో. దారం వేలంతైంది. కంకర నిండేదాకా ఆగిందన్నమాట, మా బకెట్లు దానికి నాలుక తడవడానికి కూడా చాలలేదు. చూస్తుండగా గుప్పున వదిలింది, గుంటలో పడి నురగలు కక్కింది.

"సార్!" అని సెక్షన్ ఆఫీసరు వరండా వైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "నీళ్ళు పోతున్నాయి సార్! పోతున్నాయి!"

మా శాఖలో ఎవరూ ఆ మాట సంతోషంగా అనగా వినలేదు. ఈఈగారి ముఖం పాలిపోయింది. "ఎక్కడ గండి? ఎంత పడింది?" అంటూ గొడుగు లాక్కుని బురదలో పరుగెత్తుకొచ్చారు. వచ్చి చూస్తే, ముగ్గురు మనుషులు ఒక తూము చుట్టూ నిలబడి పళ్ళికిలిస్తున్నారు.

సెక్షన్ ఆఫీసరు మూడు భాషలు కలిపి సంగతి చెప్పేశాడు. ఈఈగారు తూమును చూశారు, బండలను చూశారు. ఆ పైన ఆయన చూపు ఇంకాస్త ముందుకు పోయి, కిందటిసారి పట్టించుకోని ఆ లేని గది మీద ఆగింది.

"అదెవరిది?"

లేనిదాన్ని ఎవరిదని చెప్తాం? ఆమె కొంగు తల మీదికి లాక్కుంది గాని, గోడ మీద చెయ్యి తీయలేదు.

"చౌకీదారుది సాబ్," అన్నాడు మేస్త్రీ. "గట్టి గోడ సాబ్."

ఈఈగారు నేరుగా గోడ దగ్గరికి నడిచారు. ఆయన నన్ను మెచ్చుకుని నా భుజం తట్టింది అప్పుడే. తట్టలేదు. గొడుగు నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. గుమ్మంలోంచి వంగి, గోడ లోపలి వైపు అడుగున అరచేయి ఆనించి, ఆ చేతిని కాసేపు చూసుకున్నారు.

"పొడిగానే ఉంది," అన్నారు. "ఎప్పుడూ ఇలాగే ఉండేట్టు చూసుకోండి."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. "ఎప్పుడూ" అని పెద్ద అధికారి నోట వచ్చిందంటే, ఆ గదిని ఇక ఎవరూ కదపరు. సెక్షన్ ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు.

"వానల ఏం జేస్తరు ఇంకా?" అని ఆమె కేకేసింది. "లోపలికి రాండ్రి. గోడ వడదు గదా ఇగ. చాయ్ వోస్త."

ఆ గదిలోకి మేం వెళ్ళడం అదే మొదలు. నేల మీద వరసగా కూర్చుని గోడకు జారగిలబడ్డాం. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆమె గ్లాసులు అందించి, మా వెనక్కి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఇన్ని దినాలు ఎండవెట్టి ఎండవెట్టి ఆరిచ్చిన గోడకు తడి అంగీలు ఆనిస్తరా? లెవ్వుండ్రి! ఓ మామా, నువ్వు గూడ! సాబ్, మీరు గూడ!"

లేచాం. మమ్మల్ని ముట్టుకోనివ్వని గోడ మీద మూడు వీపులు చక్కగా అచ్చు పడ్డాయి. మిగతా చాయ్ నిలబడే తాగాం.